చోటు చాలని పేరు

రేపు పదింటికి సభ.
గని కంపెనీ వాళ్లు విమానం దిగుతారు,
గాలి ఒప్పుకుంటే.
వాళ్లడిగింది పన్నెండు స్లైడ్లు.
నా దగ్గరున్నది ఒక్క పటం,
దాని మీద నూట నలభై పేర్లు.
ముగ్గురు ముసలివాళ్ల పక్కన
రెండు చలికాలాలు కూర్చుని
వాళ్ల నోటి నుంచి దించుకున్నవి.

పటంలో అన్నీ బాగానే ఉన్నాయి.
స్లైడులోకి పంపగానే
ప్రతి పేరూ ఖాళీ డబ్బా.
డబ్బా పక్కన డబ్బా, దాని పక్కన ఇంకో డబ్బా.
ఓడ సరుకు దించిపోయిన రేవులా ఉంది
మా నేల.

మా ఇనూయిట్ లిపి సంగతి చెప్పాలి.
ఒకటే త్రికోణం.
పైకి చూస్తే పి,
కుడికి చూస్తే పు,
ఎడమకి చూస్తే ప.
డబ్బాకి ముఖం లేదు.
ఎటు చూస్తోందని చదవను?

ఒట్టావాకి ఫోన్ చేశాను.
తిబోడో అనే అబ్బాయి, నిద్రగొంతు.
"రీస్టార్ట్ చేశారా మేడమ్?"
మూడుసార్లు. నన్ను నేను కూడా ఓసారి.
"ఫాంట్‌ని ఫైల్లోనే పొదగండి."
పొదిగాను. పిల్ల కాలేదు.
"అయితే బొమ్మగా పంపండి."

బొమ్మగా పంపితే పేర్లు వచ్చాయి,
కానీ అవతలివి కనపడాల్సిన సముద్రపు మంచు పొర
అడుగంటిన గిన్నెలా నల్లబడింది.
దాన్ని తోమితే అక్షరాలు అలుక్కుపోయాయి.
అక్షరాలు తేల్చడానికి చుక్కలు పెంచితే
ఫైలు బలిసి, ల్యాప్‌టాప్ ఫ్యాను
మంచుబండి ఇంజన్లా అరిచి
ఆగిపోయింది.

కిటికీ అవతల మైనస్ ముప్పై ఆరు.
కుక్కలు కూడా మొరగడం మానేశాయి.
నేను మాత్రం తెర మీద
ఒకే బటన్ని వేరే వేరే కోపాలతో నొక్కుతున్నాను.

రెండు దాటాక, మెనూ అడుగున,
ఎప్పుడూ తొక్కని మెట్టు ఒకటి కనిపించింది:
అక్షరాలని గీతలుగా మార్చు.
మార్చాను.
కారిబూలు ఈదే రేవు వచ్చింది.
పడవ బోర్లించిన రాయి వచ్చింది.
గాలికి వీపు చూపే గుట్ట, దాని చెల్లెలు,
ఒక్కొక్కటీ లేచి తన దిక్కుకి తిరిగి నిలబడింది.
ఇప్పుడవి కంప్యూటర్‌కి అక్షరాలు కావు,
ఊరికే వంకర గీతలు.
చదవాలంటే మనిషే కావాలి.

సభలో కంపెనీ వాళ్లావిడ
ఫైలు తన మిషన్లో తెరిచి అడిగింది:
"వెతుకుతుంటే ఒక్క పేరూ దొరకడం లేదే?"
దొరకవండీ, చదవాలి, అన్నాను.
వెనక బెంచీల్లో ఎవరో దగ్గు నెపంతో నవ్వారు.

నాలుగో స్లైడు దగ్గర
అమరువాలిక్ తాత లేచాడు.
నెమ్మదిగా వచ్చి తెర మీద వేలు పెట్టాడు.
ప్రొజెక్టర్ వెలుగులో
ఆయన ముంజేతి మీద మా నది పారింది.
"ఈ రెంటికీ మధ్య ఇంకోటుండాలి."

నూట ముప్పై తొమ్మిది. అక్కడే లెక్కపెట్టాను.
ఒకటి లేదు.
"టీ కాచుకునే చోటు. అక్కడ గాలి రాదు,"
అన్నాడు, అంతకంటే చెప్పేదేమీ లేనట్టు.
కంపెనీ గీసిన ఎర్రటి రోడ్డు
సరిగ్గా ఆ వేలి కిందనుంచే పోతోంది.

భోజనాల వేళ పటం విప్పి చూశాను.
ఆప్షన్లలో ఎక్కడో చిన్న టిక్కు,
నేను పెట్టింది కాదు, పుట్టుకతోనే ఉంది:
పేర్లు ఒకదానికొకటి తగిలితే ఒకటి తీసెయ్యి.
చోటు లేదట.
రెండు రోజులు బండి తోలినా
మరో మనిషి ఎదురుపడని నేలలో
ఒక పేరుకి చోటు లేదట!

టిక్కు తీసేశాను.
ఇప్పుడు టీ కాచుకునే చోటు
పక్క పేరు భుజం మీదికి కాస్త ఎక్కి కూర్చుంది.
చూడ్డానికి బాగోలేదు.
అలాగే ఉంచాను.