చదివింపులు

మదింపు ఫారం పన్నెండో గడిలో
ఒక అంకె వేయమన్నారు.
నా పేపరును లోకంలో ఎందరు తలుచుకున్నారో, ఆ అంకె.

పదకొండేళ్లు
లాల్‌బాగ్ బండ మీద మోకాళ్లు ఆనించి
రాతిపువ్వును కొలిచాను.
మసాలా డబ్బాలో ఉంటే రాతిపువ్వు,
పేపరెక్కితే లైకెన్.
ఏడాదికి అర మిల్లీమీటరు నడుస్తుందది,
అదీ వానలు సరిగ్గా పడితే.
వాకింగ్‌కొచ్చే పెద్దాయన ఒకరు
రోజూ కన్నడంలో అడిగేవారు,
ఏమమ్మా, ఏం పారేసుకున్నావని.
కొన్నాళ్లకు ఆయనా వంగి వెతకడం మొదలుపెట్టారు.

కంప్యూటర్ని అడిగితే ముందు నాలుగంది.
ఇంటిపేరు ముందు పెట్టుకునే వాళ్లం మనం,
దానికా సంగతి తెలీదు.
దూబగుంట ఐ. కి నాలుగు,
ఇందుమతి డి. కి మూడు.
ఇద్దరాడవాళ్లు, ఒకే వెర్నియర్‌తో,
ఒకే బండ మీద, ఒకరినొకరు ఎరక్క.
ఇద్దర్నీ కలిపితే ఏడు.

పక్క గది హొన్నేగౌడ గారికి పదకొండు వందలు.
ఆయన తప్పేం లేదు, ఆయనది బ్యాటరీల బజారు,
భుజం భుజం రాసుకుపోయే జనం.
మా వీధిలో బండ ఒక్కటే.

పెళ్లిలో మైకు పట్టుకుని
"ఫలానా వారి చదివింపులు నూట పదహార్లూ" అని
అరిచే మనిషి గుర్తొచ్చాడు నాకు.
ఆ పక్కనే పుస్తకంలో రాసే మనిషి.
మంగళసూత్రం తర్వాత అంత భద్రం ఆ పుస్తకమే.
రేపు వాళ్లింట్లో పెళ్లయితే
పైసా తగ్గకుండా తిరిగి చదివించాలి.
మా దగ్గరా ఉందా పుస్తకం,
ప్రతి పేపరు చివరా, సన్న అక్షరాల్లో.
నువ్వు నన్ను చదివించు, నేను నిన్ను.
చదివించడమే,
చదవాలని ఎవరూ అనలేదు.

నా ఏడింటినీ ఒక రాత్రి విప్పి చూశాను.
రెండు నావే. నా ప్రవర నేనే చెప్పుకున్నాను.
ఒకటి మా గైడు శిష్యుడిది, మొహమాటం.
ఒకటి, "రాళ్ల మీద లైకెన్లు పెరుగును" అన్న వాక్యం చివర
చిన్న నంబరై కూర్చుంది.
ఆ ముక్కకు నా సాక్ష్యం దేనికి, కళ్లుంటే చాలదా?
ఒకటి, నేను అననే అనని మాట నా నోట పెట్టింది.
ఆరోది నా పేరు రాసి
ఇంకెవరిదో పేజీ చూపించింది.

ఏడోది
తిరునెల్వేలి కాలేజీ. ఇసక్కిముత్తు. ఒక్కడే రాశాడు.
మూడో పట్టికలో, అయిదో ఏడు నుంచీ
అన్ని కొలతలూ తప్పన్నాడు.
ఆ ఏడు బండ మీద ప్రతి మచ్చా
సున్నా పాయింట్ రెండు అదనంగా పెరిగిందట,
చచ్చిపోయిందని నేనే గుర్తు పెట్టిన
పదిహేడో మచ్చ కూడా.
చచ్చింది ఎలా పెరుగుతుంది మేడమ్ అనలేదు.
"వెర్నియర్ సున్నా సరిచూడవలెను" అన్నాడంతే.

కోపమొచ్చింది, కాఫీ చల్లారేదాకా.
తర్వాత సొరుగు లాగి
వెర్నియర్ దవడలు మూసి
దీపం కింద పట్టుకు చూశాను.
సున్నా పాయింట్ రెండు.

అయితే వీడు చదివాడు.
వరుస వరుసకీ వేలు పెట్టి,
నా చచ్చిన మచ్చ దాకా వచ్చి
అక్కడ ఆగాడు.
పదకొండేళ్లలో ఆ బండ దగ్గరికొచ్చి
నాతో వంగిన రెండో మనిషి.

కమిటీలో ఒకాయన కళ్లజోడు దించి
ఇందులో ఒకటి మీ తప్పు పట్టిందటగా, అన్నారు.
ఫరవాలేదండీ, లెక్కకి అదీ ఒకటే,
అంది ఆఫీసు పుట్టమ్మ, దయగా.
దాన్ని ఉంచండి, మిగతా ఆరూ కొట్టేసినా సరే, అన్నాను.
నవ్వారు.
పన్నెండో గడిలో ఏడే వేశారు.

శనివారం పొద్దున మళ్లీ బండెక్కాను.
పెద్దాయన ఇప్పుడు చేతికర్రతో వస్తున్నారు.
"సిక్తా?" అన్నారు దూరం నుంచే.
"సిక్తు," అన్నాను.
ఏమిటని ఆయన అడగలేదు.

దవడలు మూసి, సున్నా సరిచేసి,
ముందుగా పదిహేడో మచ్చను కొలిచాను.
పెరగలేదు.