పలుగురాయి

రాయగడ సంతలో, ఎండుచేపల వరస దాటాక
బిసోయి పరిచిన గోనెపట్టా మీద
తాళాలు, రేడియో గొట్టాలు, కళ్ళజోడు చట్రాలు.
నాక్కావలసినవి వాటి అడుగున ఉంటాయి.
కీ ఇచ్చేవి కాదు, వాటికి వేరే పిచ్చోళ్ళున్నారు.
డెబ్బైల్లో, ఎనభైల మొదట్లో వచ్చిన
తొలికాలపు క్వార్ట్జ్ వాచీలు.
మణికట్టుకి మోయలేనంత బరువు.
సెకను ముల్లు జారదు,
అడుగడుక్కీ ఆగి లెక్క అప్పజెబుతుంది.

"చచ్చిన వాచీలు ఏటి చేసుకుంటారు బాబూ?"
అడుగుతూనే ధర పెంచుతాడు బిసోయి.

ఇంటికొచ్చి వెనకమూత విప్పుతాను.
పాత సెల్లు కక్కిన పచ్చటి చిలుముని
నిమ్మరసంలో ముంచిన అగ్గిపుల్లతో తుడుస్తాను.
వెంట్రుకలో సగమైనా లేని రాగితీగ
తెగిందా, ఉందా అని ఊపిరి బిగబట్టి చూస్తాను.
మూత లోపలివైపు, బాగుచేసినవాళ్ళు
సూదితో గీసుకున్న తేదీలు.
ఈ వాచీలో మూడు గీతలు.
రెండు ఒడియా అంకెలు, గుండ్రంగా.
మూడోది తెలుగులో:
"సెల్ లేదు. 11-8-84."

ఎవరిదో వాకబు చేశాను.
కాగితం మిల్లులో క్రేన్ నడిపిన కింతలి పోలినాయుడిది.
వైజాగ్ హార్బర్లో కళాసీగా చేసే బావమరిది
ఓడవాళ్ళ దగ్గర కొని తెచ్చాడట.
సెల్ కోసం విజయనగరం వెళ్ళాడు, బరంపురం వెళ్ళాడు,
ఆ సైజు దొరకలేదు.
అయినా చేతినుంచి తీయలేదు.
తొమ్మిదేళ్ళు ఆగిన వాచీతోనే డ్యూటీకెళ్ళాడు.
ఎవరైనా "కేతే బాజిలా?" అంటే
చొక్కా చెయ్యి పైకి లాగి, మర్యాదగా వాచీ చూసి,
ఆ తర్వాత నీడ చూసి చెప్పేవాడు.
రెండు మూడు నిమిషాలకి మించి ఎప్పుడూ తప్పలేదని
కూతురు పైడితల్లి ఇప్పటికీ నవ్వుతుంది.
ఆ వాచీ ఎప్పుడు అమ్మేసిందో నేనడగలేదు.

ఇప్పుడా సెల్లు కిళ్ళీకొట్లో కూడా దొరుకుతుంది.
నేను మాత్రం ఒక్కటే కొంటాను.
బిస్కెట్ల డబ్బాలో పంతొమ్మిది వాచీలు.
సందున్నచోట తగరపు రేకు మడిచి పెడితే
అన్నిటికీ అదే సరిపోతుంది.
ఆదివారం సాయంత్రం ఒకదాన్నుంచి తీసి
ఇంకోదానికి పెడతాను.
వారం రోజులు దాని వంతు.
మిగిలిన పద్దెనిమిదీ
రేషన్ కొట్టు ముందు జనంలా ఓపిగ్గా ఉంటాయి.
"అన్నిటికీ పెట్టొచ్చుగా, అంత పీనాసితనమేటి?"
అంటుంది మా ఆవిడ.
పెట్టొచ్చు.
పంతొమ్మిదీ తలో టైమూ చెబితే
ఎవరి మాట నమ్మాలి?

వీటి లోపలున్నది పలుగురాయేనట,
బియ్యపు నూకలో సగం.
సెకనుకి ముప్పైరెండువేల ఏడువందల అరవై ఎనిమిదిసార్లు
వణుకుతుందట.
చిన్నప్పుడు నాగావళి ఒడ్డున చీకట్లో
రెండు తెల్లరాళ్ళు రాపాడించి
లోపల పుట్టే వెలుగు చూసేవాళ్ళం,
కాలిన వాసన పీల్చేవాళ్ళం.
ఆ రాయే ఇది.

మొన్న వెళ్ళి ఒకటి ఏరుకొచ్చాను, కోడిగుడ్డంత.
వాచీల పక్కనే డబ్బాలో పెట్టాను.
ఆ వణుకు దీన్లోనూ ఉండే ఉంటుంది.
దీని వంతు వచ్చింది ఈ ఆదివారం.
తిప్పి తిప్పి చూస్తున్నాను,
సెల్లు ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.