లైటెయ్యకు బావూ

జోడుగుళ్లపాలెం ఇసుకలో బోర్లా పడుకున్నాను,
మోచేతుల కింద స్కెచ్ బుక్కు.
"లైటెయ్యకు బావూ, ఎనక్కెలిపోద్ది" అన్నాడు
తాబేలు గుడ్లకు కాపలా కాసే మైలపిల్లి పోలయ్య.

కాగితం కనబడదు.
ఆమె మాత్రం వినబడుతోంది
వెనక కాళ్లతో, గరిటెతో తీసినట్టు
ఇసుక తీసి పక్కన పోసి,
ఆగి, ఊపిరి వదిలి, మళ్లీ తీస్తూ.
ఆ చప్పుడే గీశాను.
ఊపిరి దగ్గర చెయ్యి ఎత్తాను.

కళ్లలోంచి జారేది ఏడుపు కాదు,
ఉప్పు తోడేసుకోవడమట.
దానికి గీత దొరకలేదు.

తెల్లారి చూస్తే
డిప్ప లేదు, తల లేదు,
నాలుగు గీతలు ఒకదాని మీదొకటి.
పక్కన ఇసుకలో ఆమె ఈడ్చుకుపోయిన దారి
నీళ్లదాకా.
ఎక్కడా రబ్బరు పెట్టినట్టు లేదు.

పోలయ్య నా బొమ్మ తిప్పి తిప్పి చూసి
"గుంత బానే ఒచ్చింది" అన్నాడు.