రాత్రి పన్నెండులోపు

ఫోన్లో రెండు ఆఫర్లు.
ఒకటి ఫైనాన్సు, ఒకటి కన్సల్టింగు.
ఏదో ఒకదానికి ‘సరే’ కొట్టాలి
రాత్రి పన్నెండులోపు.

గుంటూరు మిర్చి యార్డులో
మా మేనమామ గుమాస్తా.
తుమ్ముకుంటూ వెళ్లి అడిగాను.
కాటా మీంచి కళ్లెత్తకుండానే అన్నాడు:
“పరాయి డబ్బు లెక్కపెట్టేది ఒకటి,
ఎలా లెక్కపెట్టాలో చెప్పేది ఇంకోటి.
అంతేగా?”

తొడిమలు తీస్తున్న కోటమ్మ చెయ్యి ఆగింది.
“ఉత్త సలహాకి డబ్బులిస్తారా, పాపా?”
“ఇస్తారు.”
“ఎవరు?”
నోట మాట రాలేదు.
ఆడవాళ్లంతా ఒకటే నవ్వు, నేనూ నవ్వాను,
నవ్వి నవ్వి
తేజ కాయ తుంచిన చేత్తోనే
కళ్లు తుడుచుకున్నాను.

ఇప్పుడు పదకొండున్నర.
మూడుసార్లు కడిగినా మంట తగ్గలేదు.
అద్దం మీద రెండు పేర్లూ మసకమసగ్గా
ఒక్కలాగే ఉన్నాయి.

ఎవరు, అంది కదా కోటమ్మ.