లెక్కకి రెండు తక్కువ

నెలకోసారి, మంగళవారం,
విలా దో కోందే నుంచి పోర్తోకి మెట్రోలో వస్తుంది దియోలిందా.
నా రిజిస్టర్లో ఆమెకి పేరు లేదు.
సున్నా నాలుగు, గీత, ఒకటి ఏడు.
పేరు నోట్లోనే దాచుకుంటాను,
కాగితం మీద పెడితే తప్పు.

ఇరవై ఎనిమిది కీళ్లు తడమాలి.
నొక్కి, ముఖం చూడాలి.
నోరు మర్యాదకి అబద్ధమాడుతుంది, కనుబొమలకి ఆ మర్యాద తెలీదు.
తర్వాత పది సెంటీమీటర్ల గీత ఇస్తాను.
ఈ చివర నొప్పి లేదు, ఆ చివర ఓర్వలేనంత.
మొదటిసారి ఆమె నవ్వింది.
"పొద్దున్నే పిడికిలి విప్పుకోడానికి గంట పడుతుంది తల్లీ,
ఆ గంటని దీనిమీద ఎక్కడ కూచోబెట్టను?"

పదకొండో ఏటి నుంచి లేసు అల్లిన చేతులు.
గట్టి దిండు మీద యాభై చెక్క కండెలు
ఒకదాన్నొకటి దాటుతూ టకటకలాడుతుంటే
వీధిలో వాన మొదలైందనుకుని
పక్కింటావిడ ఆరేసిన బట్టలు తీసేదట.
ఇప్పుడు ఆరు కండెలు.
అదీ ఎండ కాసిన రోజు.

అసలు మందు ఎవరికో, ఉత్తి మాత్ర ఎవరికో
ఆమెకి తెలీదు, నాకు తెలీదు, డాక్టరుకీ తెలీదు.
మా అందరి కళ్లకీ గంతలు కట్టిన కంప్యూటరు
ఎక్కడో స్విట్జర్లాండులో ఉంది.

మూడో నెల, పది కండెలంది.
అయిదో నెల, ఇరవై రెండు.
నా పట్టికలో కండెలకి గడి లేదు.
"ఇతర వ్యాఖ్యలు" అన్నచోట రాశాను,
అక్కడ రాసింది ఎవరూ చదవరని తెలిసే.
ఎనిమిదో నెల నా చెయ్యి పట్టుకుని పిండింది.
నొప్పి పుట్టింది.
నాకు.
ఇద్దరం పడీపడీ నవ్వాం.

నవంబరులో కబురొచ్చింది.
నాలుగొందల పన్నెండు మంది లెక్కలు కూడితే
మందుకీ ఉత్తి మాత్రకీ తేడా కనబడలేదు.
ఆపేస్తున్నాం. మిగిలినవి వెనక్కి తీసుకోండి.

సగటుని తిట్టను.
మా అవ్వ మోకాళ్లకి తేనెటీగలతో కుట్టించుకునేది,
ఎవరడిగినా హాయిగా ఉందనేది,
పోయేదాకా కుంటుతూనే ఉంది.
నలుగురివీ కలిపి తూచకపోతే
ఇంకా తేనెటీగల్నే పట్టుకుంటూ ఉండేవాళ్లం.
తెలుసు. అయినా
రాశి మొత్తాన్ని తూచే కాటా
అందులో ఒక్క గింజ గురించి ఏం చెబుతుంది?

దియోలిందా డబ్బా తెచ్చింది.
రేకులు పరిచి లెక్కపెట్టాను.
ఉండాల్సినవి పంతొమ్మిది.
ఉన్నవి పదిహేడు.
మళ్లీ పెట్టాను, చేత్తో తాకుతూ.
ఆమె కిటికీలోంచి సముద్రపక్షుల్ని చూస్తోంది.
"జారిపోయాయి," అంది, నేనడక్కుండానే.
ఒళ్లో వేళ్లు నిబ్బరంగా ఉన్నాయి,
ఏదీ జారవిడిచే వేళ్లలా లేవు.
"జారిపోయినవి: రెండు" అని రాసి సంతకం పెట్టాను.
పదహారేళ్ల కొలువులో
నమ్మకుండా నింపిన గడి అదొక్కటే.

మార్చిలో గంతలు విప్పారు.
ఎవరు ఏది మింగారో చెప్పే ఉత్తరాలు
అంటించి వచ్చాయి, అలాగే పంపాను.

జూన్‌లో సెలవు దొరికి ఆ ఊరు వెళ్లాను.
తలుపు తీసే ఉంది.
దిండు మీద అల్లిక, దానికింద
సూదులతో పొడిచిన నమూనా అట్ట,
అట్ట మూలన మా ఆసుపత్రి ముద్ర.
చింపని కవరు. రెండు మడతలు.
"దళసరిగా ఉంది, సూది బాగా నిలుస్తోంది," అంది
కండెలు దాటిస్తూ.
పద్నాలుగు. లెక్కపెట్టకుండా ఉండలేను, అలవాటు.
పోయిన వారం తొమ్మిదేనట, చలి వల్లేమో.

దారం అందించమంటే సూదుల డబ్బా తెరిచాను.
అడుగున, గుండీల మధ్య,
రెండు తెల్ల మాత్రలు.

"జారాయన్నాను," అంది దియోలిందా తలెత్తకుండా,
"ఎందులోకో నువ్వు అడగలేదు."