జున్ను పంచిన చేతులు

మా బర్రె ఈనిన నాడు
జున్ను సర్వ పట్టుకొని వాడకట్టంత తిరిగిన.
కుట్టుమిషనామెకు ఓ గిన్నె,
మూతి ముడుచుకున్న తోటికోడలుకు సుత ఓ గిన్నె.
"మస్తు బలం, సుక్క పారబోయకుండ్రి" అని
ఇంటింటికి చెప్పిన నోరు నాది.

గదే నోరు
నా పెద్దకొడుకు పుట్టినప్పుడు
మా అత్త మాటకు ఊకొట్టింది.
పచ్చగ చీము లెక్కున్నయి, పనికిరావన్నది.
నా ముర్రుపాలు నేనే పిండి
పొయ్యిల బూడిద మీద పోసిన.
మూడొద్దులు వాని నాలిక మీద
ఆముదం సుక్క, చక్కెర నీళ్ళు,
బట్ట పీలికె ముంచిన మేకపాలు.
తొమ్మిదో నాడు కడుపుబ్బింది.
వానికి పేరు లేదు.
ఇరవై ఒకటి దాక ఆగుదమన్నరు.

మొన్న నా కోడలు రవళి
పరకాల దవాఖానల కన్నది.
నా చెయ్యి అలవాటున గిన్నె దేవులాడింది.
గంట దాటకముందే ఆ పిల్ల
బిడ్డను రొమ్ముకు కరిపిచ్చుకొని,
"బర్రె జున్నుకు కొట్లాడేటోళ్ళం,
గివి పారబోస్తమా అత్తా?" అని నవ్వింది.
నాకు నవ్వు రాలే.
గిన్నె బోర్లిచ్చి వరండల కూసున్న.
నోట్లె బూడిద పడ్డట్టయింది.

ఆరు నెల్లు నీళ్ళ సుక్క సుత పొయ్యద్దన్నది
అంగన్వాడి సుకన్య టీచరు.
ఎండలు ముదురుతుంటె పసిగొంతు ఆరదా అని
లొల్లి పెట్టుకున్న.
పాలల్లనే నీళ్ళుంటయట.
ఇన్నేండ్లు పాలల్ల నీళ్ళు కలిపి అమ్మినదాన్ని,
గా ముచ్చట నాకే తట్టకపాయె.

నాలుగో నెల పడంగనే మిరపతోట పిలిచింది.
కిలోకింత కూలి,
నిలబడ్డంత సేపే పైసలు.
పొద్దంత ఏరిన చేతులు నిప్పుకణికలు.
ఆ చేతులతోని రొమ్ము సర్దుకుంటె
బిడ్డ మూతి మండి గుక్కపట్టింది.
పాలడబ్బ తెస్తనన్నడు నా కొడుకు.
రెండొద్దుల మిరపకాయలు ఒక్క డబ్బకు.
"పైసలున్నయారా?" అన్న.
వాడు తలకాయ గోక్కున్నడు.

తెల్లారి పుల్లమజ్జిగ సీసల పోసుకొని
బిడ్డను సంకనేసుకొని తోట బాట పట్టిన.
కోడలు చేతులు మజ్జిగతోని కడిగి,
నూనె రాసి, సబ్బుపెట్టి మళ్ళ కడిగి,
ఆమె మోదుగుచెట్టు కింద కూసున్నది.
ఆకు లేదు, అంత ఎర్రపూలే,
నీడ కొంగంత.
ఆమె పాలిచ్చినంత సేపు
ఆమె సాలు నేను పట్టిన.
"నీ పేరు పట్టీల లేదు ముసల్దానా" అన్నడు మేస్త్రి.
"పేరు రాయకు, సంచి చూడు" అన్న.

రాత్రంత చేతులు మండినయి.
మండనీ.
ముప్పై ఏండ్ల బాకీ, మిత్తి సుత కాలే.

నెల తిరిగినంక
అంగన్వాడి దూలానికి తూకం ఏలాడేసిండ్రు.
నీలం లాగుల కాళ్ళాడిస్తున్నది నా మనుమరాలు.
నాకు అచ్చరాలు రావు, తూకం వస్తది.
ఎనుమాముల యార్డుల సంచి సంచికి
తరుగు కోస్తుంటె గుడ్లప్పగించి చూసినదాన్ని.
ముల్లు అటిటు ఊగి
ఆరు దాటి నిలబడ్డది.
టీచరు కాయితం మీద
పచ్చరంగు మడిల చుక్క పెట్టింది.

"తరుగెంత పాయె?" అన్న.
ఆమెకు సమజ్ కాలే.
"తరుగేంది ఓదెమ్మా, గదంత బిడ్డదే."

లాగుల నుంచి తియ్యంగనే ఏడుపందుకున్నది.
ఆ ఏడుపుకు
అంత దూరంల నిలబడ్డ రవళి జాకెట్టు
ముందే తడిసింది.