అరువు బూట్లు

పక్క సీటు కుర్రాడి ఒళ్లో కేకు డబ్బా.
విమానం ఒరిగినప్పుడల్లా
ఇద్దరం కలిసి దాన్నే పట్టుకున్నాం.
ఎవరి పుట్టినరోజో నేను అడగలేదు.
ఎవరి దగ్గరికి వెళ్తున్నానో అతనూ అడగలేదు.
గంటన్నర తర్వాత కిటికీలో రోడ్రిగ్స్ దీవి:
నీళ్లలో ఎవరో మరిచిపోయిన గోధుమరంగు దుప్పటి,
దాని చుట్టూ, దానికంటే పెద్దగా,
లేత నీలం మడుగు.

అడిగినవాళ్లు చాలామందే.
టికెట్టు బుక్ చేసినామె, "ఒక్కరేనా మేడమ్?"
హోటల్ వాళ్లు అడగలేదు, లెక్క కట్టారు,
ఖాళీగా ఉండబోయే రెండో దిండుకి
రాత్రికి ఇంత అని.
ఒంటరితనానికి అద్దె ఉంటుందని
నలభై ఎనిమిదో ఏట తెలిసింది.
ఆ హోటల్ మానేసి
పెర్పెత్యూ గారింట్లో గది తీసుకున్నాను.

అక్కడా అదే.
బస్సు డ్రైవరు, రొట్టెల కొట్టు ముసలాయన,
బడి సంచుల పిల్లలు: "తూసెల్? తూసెల్?"
ఒక్కదానివేనా అని.
మొదటి రోజు ఆ మాట తూనీగలా వాలింది.
మూడో రోజుకి ఈగ.

నేనూ జవాబులు మార్చాను.
ఒకరికి, భర్త రేపొస్తాడు.
ఇంకొకరికి, అక్క జ్వరంతో గదిలో పడుకుంది.
లేని అక్కకి జ్వరం తగ్గిందా అని
సాయంత్రం ఒకామె బొప్పాయి తెచ్చిచ్చింది.
తలుపేసుకుని, సిగ్గుపడుతూ,
మొత్తం నేనే తిన్నాను.

నాలుగో రోజు తెల్లవారేసరికి
సముద్రం వెనక్కి వెళ్లిపోయింది.
పెళ్లివాళ్లు ఖాళీ చేసిన హాలులా మడుగు.
ఆడవాళ్లు ఇనపముల్లు కర్రలు భుజాన వేసుకుని
మోకాటిలోతు నీళ్లలోకి దిగుతున్నారు,
ఆక్టోపస్‌ల వేటకి.
ఒడ్డున నిలబడ్డ నన్ను
ఒకామె పైనుంచి కిందకి చూసింది.
గడ్డి టోపీ, మగాళ్ల చొక్కా, డెబ్బైకి దగ్గర వయసు.
వచ్చేసింది ఆ ప్రశ్న, అనుకున్నాను.
ఆమె చూపు నా పాదాల దగ్గర ఆగింది.
"బూట్లు లేవా?"

పేరు ఒర్తాన్స్.
ఇంట్లోంచి ఒక జత తెచ్చింది, రబ్బరువి, అల్లుడివి.
పాత పేపరు ఉండలు చుట్టి ముందు భాగంలో కుక్కింది,
వంగి, తనే, నా మడమ పట్టుకుని.
నా మడమ ఒకరు పట్టుకుని ఎన్నాళ్లయిందో,
ఆ లెక్క మొదలుపెట్టి అక్కడే వదిలేశాను.
"రాయిలా పడుండే చేప ఉంటుంది,
తొక్కావంటే అంతే" అంది, సగం చేతులతో.

నీళ్లలో రెండు గంటలు. ఆమె ముందు, నేను వెనక.
నాకు రాళ్లన్నీ రాళ్లే.
ఆమె ఆగేది, ఒకదాని వైపు గడ్డం చూపించేది:
గుమ్మం ముందు ఊడ్చి పోసినట్టు
పీత డొప్పలు, గవ్వ ముక్కలు.
"ఉన్నాడు లోపల."
బొరియకి ఒక్కడే.
ఎనిమిది చేతులు, పక్కన ఎవరూ లేరు.
"తూసెల్" అన్నాను, నాకొచ్చిన ఒకే ఒక్క మాట.
ఒర్తాన్స్ ఎంత నవ్విందంటే
లోపలివాడు రంగు మార్చుకుని
సిరా కక్కి జారుకున్నాడు.
ఆమె కర్ర అలాగే గాల్లో ఉంది.
నా వల్ల రెండు వందల రూపాయలు పోయాయని
రోజంతా అందరికీ చెప్పింది, వేళ్లు చూపించి మరీ.

దొరికినవి తీగ మీద ఆరేశారు.
చొక్కా చేతుల్లా గాలికి ఊగాయి.
మధ్యాహ్నం వాటి కూర, ఎర్ర చిక్కుడు గింజలు,
నిమ్మరసంలో ఊరిన, వేలెడైనా లేని మిరపకాయ.
కారం నాకేం లెక్క అని కొరికాను.
అందరూ చూశారు.
మా వైపు ఇంకా ఘాటు అని కోయబోయి
మంచినీళ్లు అడిగాను.

వెళ్లే రోజు బూట్లు కడిగి పట్టుకెళ్లాను.
లోపలి పేపరు తీయబోతే
"ఉండనీ" అంది ఒర్తాన్స్.
అల్లుడి సంగతి అడిగితే
సముద్రం అవతలికి చెయ్యి ఊపింది.

బస్సు కదులుతుంటే
బొప్పాయి ఆమె పరుగున కిటికీ దగ్గరకొచ్చింది,
అక్కకెలా ఉందని.
"లేచి తిరుగుతోంది" అన్నాను.